టెక్ సందేహాలు: పాత ల్యాప్‌టాప్, కరెంటు కోత, అను అక్షరాలు

ప్రశ్న: నాది నాలుగో తరం ఐ3 ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11 ఎక్కనంటోంది. లినక్స్ వేసుకోవచ్చా? ఇంట్లో కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉంది, అది పనిచేస్తుందా?
- డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: ల్యాప్‌టాప్‌కు ఇబ్బంది లేదు, ప్రింటర్‌తోనే తంటా. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11 ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం అడుగుతుంది. అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనేవాళ్లు ఉంటారు, 4 జీబీలో దాన్ని ఈడ్చలేక మీరే విసిగిపోతారు. లినక్స్ మింట్ 22 (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ సిస్టమ్)లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

అంతకంటే ముందు హార్డ్ డిస్క్ సంగతి చూడండి. మీ ల్యాప్‌టాప్‌ను నెమ్మది చేస్తున్నది చాలావరకు అదే. అది మార్చకుండా లినక్స్ వేస్తే, బ్రౌజర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ పెట్టించండి. రెండున్నర అంగుళాల సాటా రకం, 240 లేదా 256 జీబీది సరిపోతుంది. ర్యామ్ కూడా పెంచేట్టయితే షాపులో ఊరికే డీడీఆర్3 అనకండి, 1.5 వోల్టుల ముక్క చేతిలో పెడతారు. మీ తరం ల్యాప్‌టాప్‌లకు కావాల్సింది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉందో లేదో చూసి కొనండి. ఎటూ అడుగు మూత విప్పుతారు కాబట్టి ఫ్యాన్‌లో దుమ్ము కూడా దులిపించండి. అనంతపురం ఎండల్లో అది మామూలు విషయం కాదు.

మింట్‌ను ఎక్కించడానికి దించుకోవాల్సిన ఐఎస్ఓ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయండి, అందులో పాతవన్నీ చెరిగిపోతాయి. పవర్ నొక్కగానే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. మింట్ తెరుచుకోగానే ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కకండి. పెన్‌డ్రైవ్ నుంచే ఓ అరగంట వాడి వైఫై, సౌండ్, కెమెరా, వెలుతురు మీటలు పనిచేస్తున్నాయో లేదో చూడండి. వైఫై కనబడకపోతే తరచూ బ్రాడ్‌కామ్ చిప్ కారణం. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే దాని డ్రైవర్ చూపిస్తుంది. ఎక్కించేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' ఎంచుకుంటే సీ డ్రైవ్‌తో పాటు డీ డ్రైవ్ కూడా పోతుంది. డీ అంటే వేరే డిస్క్ అనుకుని పెళ్లి ఫొటోలు పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇక ప్రింటర్. ఎల్‌బీపీ 2900 పేజీని తనంతట తాను తయారుచేసుకోదు. ఆ పనంతా కంప్యూటర్‌లోని డ్రైవర్ చేసి, క్యాప్ట్ అనే కానన్ సొంత భాషలో పంపాలి. లినక్స్‌కు కానన్ ఇచ్చిన డ్రైవర్ పాతబడిపోయింది. ఇవాళ పనిచేసినా రేపటి అప్‌డేట్ తర్వాత మొరాయించవచ్చు. ప్రింట్లు రోజూ కావాలంటే పాత డిస్క్‌లోని విండోస్‌ను చెరపకుండా దాచుకోండి. హెచ్‌పీ 1020 ఉన్నవాళ్లది వేరే సంగతి. హెచ్‌పీలిప్ అనే లినక్స్ డ్రైవర్‌తో పాటు దాని ప్లగిన్ కూడా దించుకోవాలి, ఎందుకంటే ఆ ప్రింటర్‌కు ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ పంపాలి. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ జాబితాలో కనబడుతుంది గానీ కాగితం కదలదు.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక నల్ల తెర మీద 'ఇనిట్‌రామ్ఎఫ్ఎస్' అని వచ్చి ఆగిపోతోంది. మళ్లీ లినక్స్ ఎక్కించాలా?
- కిరాణా వ్యాపారి, ఆదోని

జవాబు: అక్కర్లేదు. డిస్క్‌లో రాత సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫైళ్ల పట్టీలో లెక్క కుదరక, లినక్స్ తనంతట తాను సరిచేయడానికి సాహసించక మిమ్మల్ని అడుగుతోంది. ఆ తెరమీద పైన ఎస్‌డీఏ2 లాంటి పేరొకటి కనబడుతుంది. ముందు ఎఫ్ఎస్‌సీకే అనే నాలుగు చిన్నక్షరాలు, ఒక ఖాళీ, హైఫన్, వై, మళ్లీ ఖాళీ, ఆ తర్వాత స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ2 అని కొట్టి ఎంటర్ నొక్కండి. పేరు మీ తెరమీద ఉన్నదే వేయాలి. వరుసలు గబగబా పరుగెత్తి ఆగాక ఎగ్జిట్ అని కొడితే సిస్టమ్ తెరుచుకుంటుంది.

ఇలా నెలలో రెండుసార్లు వస్తే మాత్రం కరెంటు మీద నెట్టేయకండి. డిస్క్స్ అనే అప్లికేషన్‌లో స్మార్ట్ వివరాలు (డిస్క్ ఆరోగ్యం చెప్పేవి) తెరిచి 'రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్', అంటే పాడై పక్కన పెట్టిన ముక్కల లెక్క చూడండి. అది వారం వారం పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. మరమ్మతు జోలికి పోకుండా ముందు లెక్కల ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి. ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ ఆరిపోతుంటే, ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణం ఫ్యాన్‌కు తెలియదు గానీ కంప్యూటర్ తట్టుకోలేదు.

ప్రశ్న: విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. లినక్స్ వాడి విండోస్‌కు వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది.
- కర్నూలు

జవాబు: బోర్డు మీద ఉన్న గడియారంలో లినక్స్ గ్రీనిచ్ సమయం దాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలే కాబట్టి బ్యాటరీ సెల్ మార్చనక్కర్లేదు. లినక్స్ టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ)లో టైమ్‌డేట్‌సీటీఎల్, ఖాళీ, సెట్-లోకల్-ఆర్‌టీసీ, ఖాళీ, 1 అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు కూడా తీసేయండి. లినక్స్‌లో డీ డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటోందంటే కారణం తరచూ అదే.

ప్రశ్న: పదేళ్లుగా పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి కార్డులు చేస్తున్నాం. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారితే పాత ఫైళ్లు తెరుచుకుంటాయా?
- డీటీపీ సెంటర్, ప్రొద్దుటూరు

జవాబు: పేజ్‌మేకర్ ఫైలును లిబ్రేఆఫీస్ డ్రా తెరుస్తుంది. కానీ తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడతాయి. ఫైలు పాడైందని కంగారు పడకండి. అను ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. కంప్యూటర్ దృష్టిలో అది ఎప్పుడూ తెలుగు కాదు, తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లీషు. ఫాంట్ తీస్తే లోపలిది బయటపడుతుంది. కన్వర్టర్లు ఉన్నా, వత్తుల దగ్గర తప్పులు మిగులుతాయి. పెళ్లికొడుకు ఇంటిపేరు ఒక్కటి తప్పు పడితే చాలు, వెయ్యి కార్డులూ వృథా.

అందుకని పాత యంత్రాన్ని పాత పనికే, నెట్ తీసేసి ఉంచుకోండి. కొత్త కార్డులు పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రామ్ స్క్రైబస్ 1.6లో, తెలుగును తెలుగుగానే దాచే యూనికోడ్‌తో మొదలుపెట్టండి. అంతకు ముందరి 1.4లో తెలుగు వత్తులు విడిపోతాయి, దాన్ని చూసి స్క్రైబస్ పనికిరాదని తేల్చకండి. రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు ఫాంట్లు ఉచితం, అమ్ముకునే పనికీ వాడుకోవచ్చు. తెలుగు టైపింగ్‌లో ఆపిల్ అనే కీబోర్డు అమరిక అలవాటైన చేతులు మార్చుకోనక్కర్లేదు. సినాప్టిక్ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు ఎక్కించేది)లో ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసి, లాగవుట్ అయి వచ్చాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆపిల్ లేఅవుట్ కలుపుకోండి. ఆఫ్‌సెట్ ప్రెస్‌కు పంపేటప్పుడు రంగులు సీఎంవైకే (అచ్చు సిరాల నాలుగు రంగుల పద్ధతి)లో పెట్టి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి.

ప్రశ్న: వేలిముద్ర యంత్రంతో ఆధార్ ఆధారిత చెల్లింపులు చేస్తాను. లినక్స్‌కు మారొచ్చా?
- కడప

జవాబు: ఆ కౌంటర్ కంప్యూటర్‌లో వద్దు. యంత్రంతో పాటు నడవాల్సిన ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్‌ను తయారీదారులు ప్రధానంగా విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు ఇస్తారు. విండోస్ కంప్యూటర్ మొరాయిస్తే, మీ యంత్రానికి ఓటీజీ కేబుల్ తగిలించి ఆండ్రాయిడ్ ఫోన్‌తో పని నడపవచ్చు.