ప్రేమ విందు మర్నాడు కాల్చిన ప్లేట్లు

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఊరు. పోయిన క్రిస్మస్‌కు మా చర్చిలో రెండు వందల మందికి ప్రేమ విందు పెట్టాం. మర్నాడు ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు చర్చి వెనక కుప్ప పోసి కాల్చారు. సగం కాలినవి గాలికి కుంటలో పడ్డాయి. మీటింగులో ఈ మాట ఎత్తితే ఒక సంఘపెద్ద, "ఈ భూమి ఎట్లాగూ కాలిపోయేదేనని పేతురు రాశాడు. మనం ఆత్మల సంగతి చూడాలి. చెట్లు, నీళ్లు అంటూ పోతే ప్రకృతిని పూజించినట్టే" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నేను తప్పు మాట్లాడానా?
– ఒక సోదరి

జవాబు: తప్పేమీ మాట్లాడలేదు బిడ్డా. ఆ పెద్దాయన చెప్పింది రెండో పేతురు 3:10. ఆ వచనం ఉంది, కాదనను. కానీ వెంటనే పదకొండో వచనం ఉంది. ఇవన్నీ లయమైపోయేవే కాబట్టి మీరు ఎంత పరిశుద్ధంగా, ఎంత భక్తిగా నడుచుకోవాలి అంటాడు పేతురు. భూమి యెహోవాది అని 24వ కీర్తన మొదట్లోనే ఉంది. ఆసామి వస్తున్నాడని తెలిసి ఏ కౌలుదారైనా చేను తగలబెడతాడా?

నేను పుట్టింది మర్రిగూడ వైపు. చిన్నప్పుడు బావి నీళ్లే తాగాం. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా వైపు చాలా బావుల్లో అంతకు మించే ఉండేది. నా పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ పోలేదు. మా అమ్మకు యాభై ఏళ్లకే నడుము వంగిపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే గోడ పట్టుకొని నిలబడేది. ఆ ఫ్లోరైడ్ భూమిలోని రాళ్ల నుంచి వచ్చింది, ఎవరూ కలిపింది కాదు. మీ కుంటలో పడ్డ ప్లాస్టిక్ మాత్రం మన చేతులతో వేసిందే. వాన నీళ్లు నిలిచే ఒక్క కుంట ఎంత విలువైనదో మా వైపు వాళ్లను అడగండి, చెప్తారు.

ఇక పూజ మాట. పట్టణాన్ని ముట్టడి వేసినప్పుడు కూడా పండ్ల చెట్లు నరకొద్దని ద్వితీయోపదేశకాండము 20:19లో దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు. నేనిప్పుడు ఉంటున్న మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రికి 2018లో చెదలు పడితే, సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. అది వైద్యం. ఏదెను తోటను సేద్యం చేయడానికీ కాయడానికీ నరుణ్ణి అక్కడ ఉంచాడని ఆదికాండము 2:15లో చదువుతాం. కాయమన్న దాన్ని కాస్తే విగ్రహారాధన ఎలా అవుతుంది?

అయితే ఆ పెద్దాయనతో మీటింగులో వాదన పెట్టుకోకండి. నలుగురిలో ఓడిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. నవంబరులోనే, క్రిస్మస్ లెక్కలు వేయకముందే, వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చొని మాట్లాడండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం అని కూడా చెప్పండి. కాల్చిన పొగ ముందు పీల్చేది చర్చి వెనక ఆడుకునే పిల్లలే. పేపర్ గ్లాసులు తెస్తామంటారేమో, వాటి లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది.

మా సంఘంలో మోదుగాకు ఇస్తార్లు తెప్పించాం. తిన్నాక అవి పెంటకుప్పలోకి వెళ్లి ఎరువైపోతాయి. గ్లాసు మాత్రం ఎవరిది వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. మొదటి ఏడాది ఒక పొరపాటు జరిగింది. గ్లాసులు తేనివాళ్ల కోసం పెట్టిన వందకు పైగా గ్లాసులు ఆడవాళ్లమే కడిగాం, రాత్రి పదకొండైంది. భూమి మీద ప్రేమతో ఆడవాళ్ల నడుములు విరగ్గొడితే అది ప్రేమ విందు కాదు. అందుకే మరుసటి ఏడాది నుంచి తాగిన గ్లాసు తాగినవాళ్లే, అయ్యగారితో సహా, కడగాలని నియమం పెట్టాం. కడిగిన నీళ్లు వేప మొక్కల పాదుల్లోకి పోతాయి.

అన్నం సంగతీ చూసుకోండి. ఐదు వేల మందికి పెట్టాక, ఏమీ నష్టపోకుండా మిగిలిన ముక్కలు పోగు చేయమన్నాడు యేసు. పన్నెండు గంపలు నిండాయి. మీరు కూడా ఖాళీ గిన్నెలు ముందే సిద్ధం చేసి, రాలేకపోయిన ముసలివాళ్ల ఇళ్లకు అదే రాత్రి పంపండి.

ఈ ఏడాదికి ఇస్తార్లు, గ్లాసులు చాలు. మొక్కల సంగతి వచ్చే వానాకాలంలో ఎత్తండి. గ్లాసులు మారిపోతాయని భయపడేవాళ్లుంటే, పెళ్లిలో గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే కొట్టించుకోమనండి. మా ఇంటి గ్లాసు మీద మా అమ్మ పేరుంది.