ముందు స్లాబు ఎక్కి చూడండి, టెస్టు సంగతి తర్వాత

స్లాబు మీది వాన నీళ్లు సంపులో పట్టి తాగుతున్నామనీ, ఫిల్టరు ఉంది కదా ఇంకా టెస్టు ఎందుకనీ, చేస్తే ఎన్నిసార్లనీ అడిగారు. ఆరేళ్ల కిందట నేనూ ఇలాగే అనుకున్నాను.

మాది నల్గొండ జిల్లా, ఫ్లోరైడ్ ఊరు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. మా బోరులో 3 దాటింది. కాస్తే పోతుందని మా అత్తలు ఇప్పటికీ అంటారు. కాస్తే నీళ్లు ఆవిరవుతాయి కానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. అందుకే ఇల్లు కట్టినప్పుడే పదివేల లీటర్ల సంపు తవ్వించి వాన నీటికి కేటాయించాం. స్లాబు వాలు, సంపు రెండూ ఈశాన్యంలోనే ఉండాలని వాస్తు ఆయన పట్టుబట్టాడు. పైపు ఖర్చు తగ్గింది, ఆయన వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

ఆ ఏడు వినాయక చవితికి హైదరాబాద్ నుంచి అక్కాబావ వచ్చారు. బావ రెండు గ్లాసులు తాగి, ‘కొబ్బరినీళ్ల లెక్క ఉన్నయిరా’ అన్నాడు. నేను పొంగిపోయి, నీళ్లలో ఉప్పులెన్నో చూపే టీడీఎస్ మీటరు తెచ్చి చూపించాను. 35! ఆయన ఇంట్లో బోరు నీళ్లు 900 అట. అంతకుముందు రోజే, మా ఊరి నీళ్లు చూసే కుర్రాడు ఇచ్చిన చిన్న సీసాలో గీత దాకా సంపు నీళ్లు పోసి వంటింటి అలమరలో పెట్టాను. హెచ్‌టుఎస్ సీసా అంటారు. ఒకటి రెండు రోజుల్లో నీళ్లు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ఎంత కలిసిందో చెప్పదు, కానీ తాగొద్దని మాత్రం చెబుతుంది. రాత్రి భోజనాలయ్యాక తీసి చూస్తే, సిరా పోసినట్టు ఉంది.

నీళ్లు అవే, మీటరు అదే 35. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలనే కొలుస్తుంది, క్రిములు దానికి కనబడవు. ఈ ముక్క ఆర్వో మిషన్లు అమ్మేవాళ్లు చచ్చినా చెప్పరు. ఒకాయన మా ఇంటికొచ్చి కరెంటు కడ్డీలు ముంచే డబ్బా తీశాడు. బోరు నీళ్లు గోధుమరంగుకి మారాయి (కడ్డీలో ఇనుము కరిగితే మారవా మరి!). వాన నీళ్లలో లవణాలు పెద్దగా లేవు కాబట్టి ముంచితే ఏమీ కాలేదు. ‘మీ నీళ్లు బాగున్నాయి సార్’ అని లేచిపోయాడు. అప్పుడా నీళ్లు బాగున్నాయో లేదో దేవుడికే తెలియాలి.

మర్నాడు స్లాబు ఎక్కితే విషయం అర్థమైంది. మా నాయన రోజూ పొద్దున పావురాలకు జొన్నలు చల్లుతున్నాడు, సరిగ్గా వాన గొట్టం పక్కనే. రెట్ట అట్టలు కట్టింది. ఇక మొదటి వానను పక్కకు పంపడానికని ప్లంబరు పెట్టిన నాలుగంగుళాల గొట్టం పొడవు పదడుగులు. అందులో పట్టేది పాతిక లీటర్లు. మా స్లాబు వంద చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. రెట్ట కడిగిన నీళ్లలో ముప్పావు వంతు నేరుగా సంపులోకే పోతున్నాయన్నమాట. పైగా ఆ గొట్టం మూత ప్రతి వానకూ తీసి ఖాళీ చేయాలి. ఎవరూ తీయలేదు, నేను కూడా.

జొన్నలు ఆపమంటే నాయన, ‘పక్షుల నోటికాడి గింజలు గుంజుకుంటవురా?’ అని రెండు రోజులు మాట్లాడలేదు.

స్లాబు కడిగించి, గొట్టం తీసేసి రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టించాను. సంపులో బ్లీచింగ్ పౌడరు వేశాను. మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, నేను రెట్టింపు చొప్పున యాభై వేశాను. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయాలి. మొదటిసారి పని చేయలేదు. బాత్రూంలో ఏడాదిగా మూతి విప్పి ఉన్న ప్యాకెట్ అది, అందులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయింది. కొత్తది తెచ్చి వేసి, ఒక రాత్రి ఆగి, క్లోరిన్ మిగిలిందో లేదో చూపే చుక్కల మందుతో చూస్తే లేత పసుపు వచ్చింది, అంటే మిగిలినట్టే. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము మిగలాలి. ఆ తర్వాత పెట్టిన సీసా నల్లబడలేదు.

ఇక మీరు అడిగిన లెక్క. తొలకరి నీళ్లు చేరగానే ఒకసారి, తర్వాత వానాకాలమంతా నెలకోసారి సీసా పెట్టండి. ఏడాదికోసారి ల్యాబుకు పంపండి, వాళ్లిచ్చిన శుభ్రమైన సీసాలోనే, అదే రోజు చేరేలా. నేను కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్లి తిట్లు తిన్నాను. ఫిల్టరు ఇసుకనూ ఆకులనూ ఆపుతుంది, దాని మీద అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

నాయన ఇప్పుడు జొన్నలు పశువుల కొట్టం మీద చల్లుతున్నాడు. పావురాలు మాత్రం అక్కడ తిని మా స్లాబు మీదికే వచ్చి కూర్చుంటున్నాయి. నిన్న పెట్టిన సీసా ఇంకా తేటగానే ఉంది, రేపు పొద్దున దాకా చూడాలి. అప్పటిదాకా కాచిన నీళ్లే.