సీఫర్డ్ ఒడ్డున బురుజు, మన ఊళ్లో బురుజు

ప్రశ్న: సార్, మా బాబు ఇంగ్లండ్‌ల ఎమ్మెస్ చదువుతున్నడు. మొన్న సెలవుల్ల సీఫర్డ్ అనే ఊరికి పోయి సముద్రం ఒడ్డున ఒక గుండ్రటి కట్టడం ముందల ఫొటో దిగి పంపిండు. అచ్చం మా ఊరి బురుజు లెక్కనే ఉన్నది. దాన్ని ఎవరు కట్టిండ్రు? తలుపు నేల మీద లేకుండ అంత ఎత్తుల ఎందుకున్నది? ఇంకొకటి, మా బురుజు మీద రావిచెట్టు మొలిచింది. సిమెంటు కొట్టిస్తమని ఊరోళ్లు అంటున్నరు. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, మీ బాబు నిలబడ్డది మార్టెల్లో టవర్ ముందు. నెపోలియన్ సైన్యం సముద్రం దాటి వచ్చి మీద పడుతుందన్న భయంతో బ్రిటిష్ వాళ్లు 1805లో మొదలుపెట్టి దక్షిణ తీరం వెంట ఇలాంటివి 74 కట్టారు. ఫోక్‌స్టోన్ దగ్గర ఒకటో నంబరు, సీఫర్డ్‌లో 74వది. ఆ వరుసకు అదే ఆఖరు. తర్వాత తూర్పు తీరంలో ఇంకో 29 లేచాయి.

నమూనా మాత్రం మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవిది. 16వ శతాబ్దంలో ఆ దీవి ఇటలీలోని జెనోవా నగరం వాళ్ల ఏలుబడిలో ఉండేది. ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడదొంగలు వచ్చి ఊళ్లు దోచి, మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయేవాళ్లు. అందుకని తీరం చుట్టూ కావలి బురుజులు కట్టారు. ఓడ కనబడగానే పైన ఉన్న కావలివాళ్లు పగలైతే పొగ, రాత్రయితే మంట పెట్టేవాళ్లు. ఆ బురుజును చూసి పక్క బురుజు, దాన్ని చూసి ఆ పక్కది. మన పల్లెల్లో దోపిడీ దండు దుమ్మును దూరం నుంచే పసిగట్టడానికి బురుజెక్కిన మనిషిదీ అదే కొలువు.

ఆ కోర్సికా బురుజుల్లో మోర్టెల్లా అనే చోట, అప్పటికి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నది 1794 ఫిబ్రవరిలో బ్రిటిష్ నౌకాదళానికి చుక్కలు చూపించింది. 74 ఫిరంగుల ఫార్టిట్యూడ్, 32 ఫిరంగుల జూనో అనే యుద్ధనౌకలు కలిసి రెండు గంటలకు పైగా గుండ్లు కురిపించినా గోడ చెక్కుచెదరలేదు. బురుజులో ఉన్నవి నాలుగు ఫిరంగులు కూడా కావు. అక్కడి నుంచి వచ్చిన ఎర్రగా కాల్చిన గుండ్లకు ఫార్టిట్యూడ్ అంటుకుంది, అరవై మంది దాకా చనిపోవడమో గాయపడడమో జరిగింది. చివరికి నేల మీద ఫిరంగులు దించి కొడితేగానీ లొంగలేదు. 1796లో దీవి వదిలిపోతూ బ్రిటిష్ వాళ్లే దాన్ని పేల్చేశారు. అయినా సగం గోడ ఇంకా నిలబడే ఉంది! ఓడిపోయే ముందు అది నేర్పిన పాఠాన్నే వాళ్లు ఇటుకల్లో తిరగరాశారు.

ఇక కట్టుబడి. నాకు ప్రాణం పెట్టాలనిపించేది ఇక్కడే. ఎత్తు సుమారు 33 అడుగులు. బయటి గుండ్రానికీ లోపలి గుండ్రానికీ నడిమి చుక్క ఒకటి కాదు. లోపలి గదిని కావాలనే ఊరివైపు జరిపారు. దాంతో సముద్రం వైపు గోడ 13 అడుగుల దాకా లావెక్కింది, ఊరివైపు అందులో సగమే. గుండు ఎటునుంచి వస్తుందో అటే ఇటుక ఖర్చుపెట్టారన్న మాట. ఒక్కో బురుజుకు ఇటుకలు అయిదు లక్షల పైమాటే. మీరడిగిన తలుపూ అంతే: అది ఊరివైపే ఉంటుంది, పై అంతస్తులో ఉంటుంది. నిచ్చెన లోపలికి లాగేస్తే శత్రువుకు పగలగొట్టడానికి కింద తలుపే దొరకదు. కింది అంతస్తులో మందుగుండు, సరుకులు. తలుపున్న పై అంతస్తులో 24 మంది సిపాయిలు, ఒక అధికారి. నట్టనడుమ లావాటి స్తంభం పైకప్పును మోస్తుంది. ఆ కప్పు మీద నాలుగు దిక్కులా తిరిగే ఫిరంగి.

మన బురుజుతో తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. ఓరుగల్లు రాతికోటకు 45 బురుజులు. అవి గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి గోడ మొదట్లోకి చేరిన శత్రువును పక్కనుంచి కొట్టొచ్చు. ఒక బురుజుకు పక్క బురుజు కాపలా. మార్టెల్లో ఒంటరిది, చుట్టూ తిరిగే ఫిరంగే దాని దిక్కు. పైగా అది లోపల బోలు. మన పల్లె బురుజులు చాలావరకు రాతి గోడ మధ్య మట్టి కూరిన గట్టి దిబ్బలు.

అందుకే సిమెంటు వద్దంటున్నాను. వాన నీళ్లు బురుజు నెత్తి నుంచి లోపలి మట్టిలోకి దిగుతాయి. రాళ్ల సందుల్లోని సున్నపు దర్జుల్లోంచైతే ఆ తడి మెల్లగా ఆరిపోతుంది. బయట సిమెంటు పూస్తే తడికి దారి మూసుకుపోయి, మట్టి ఉబ్బి, రాళ్లను బయటికి నెడుతుంది. గోడ కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బిందంటే పని అయిపోయినట్టే. ముందు పైన నీళ్లు నిలవకుండా వాటం చేయించండి. రావిచెట్టును పీకనివ్వకండి, వేళ్లతో పాటు రాళ్లూ ఊడొస్తాయి. మొదలుకు కోయించి, వేరు ఎండి చచ్చాక తీసి, ఆ సందుల్లో చిన్న రాళ్లు కూర్చి సున్నం పెట్టించాలి. గానుగలో నూరిన సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గానీ లేకుండా పోలేదు. పాత గుళ్లు బాగుచేసే చోట అడిగితే దొరుకుతారు. సున్నం రెండు వేళ్ల మధ్య నలిపితే వెన్నలా జారాలి, పలుకు తగలకూడదు. పలుకు తగిలితే ఇంకా నూరమనండి.

సీఫర్డ్ బురుజులో ఇప్పుడు మ్యూజియం ఉంది. మీ బాబును ఈసారి లోపలికి వెళ్లి, రెండు వైపులా గోడ లావు చూసి రమ్మనండి.