తైమూరు సేనను బల్ల మీదకు దించాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

బొమ్మలతో బల్ల మీద ఆడే చారిత్రక వార్‌గేమింగ్‌లో మధ్య ఆసియా సైన్యాల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది తైమూరు గురించే అడిగారు కాబట్టి జవాబులు ఆయన సేన చుట్టూనే సాగుతాయి.

ప్రశ్న: 15 మి.మీ. (మనిషి బొమ్మ ఎత్తు) బొమ్మలతో తైమూరు సైన్యం మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏవి, ఎన్ని కొనాలి? (ఒక పాఠకుడు, విజయవాడ)

కొనడానికి ముందు ఏ యుద్ధం ఆడతారో తేల్చుకోండి. తైమూరు 1391లో కొండుర్చా దగ్గర, 1395లో తెరెక్ నది దగ్గర గోల్డెన్ హోర్డ్ అనే మంగోలు రాజ్యపు ఖాన్ తోఖ్తమిష్‌తో తలపడ్డాడు. 1398 డిసెంబరులో ఢిల్లీని కొల్లగొట్టాడు. 1402 జూలైలో అంకారా దగ్గర ఆటోమన్ సుల్తాను బాయజీదును ఓడించాడు. తైమూరు ఏనుగులు ఢిల్లీ నుంచి పట్టుకెళ్లినవే. తోఖ్తమిష్ మీద యుద్ధం ఆడేవారు ఏనుగు కొంటే డబ్బు దండగ. అంకారా ఆడేవారికి మాత్రం అది ఉండి తీరాలి.

డీబీఏ (ఒక వార్‌గేమ్ నియమావళి) తరహా 12 బేస్‌ల (బొమ్మలు అతికించే పలకల) ఆటకు, అంకారా ఆడేవారికి మా సలహా ఇది: కవచాలు వేసుకున్న ఆశ్వికదళం 4 బేస్‌లు (ఒకదాని మీద సేనాపతి), తేలిక గుర్రపు విలుకాళ్లు 6, కాలినడక విలుకాళ్లు 1, ఏనుగు 1. కవచధారులు బేస్‌కు ముగ్గురు, తేలికవాళ్లు బేస్‌కు ఇద్దరు. అంటే రెండు రకాల్లోనూ పన్నెండేసి చొప్పున మొత్తం 24 మంది రౌతులు, నలుగురు కాల్బలం, ఒక ఏనుగు. ఇది మీరు వాడే నియమాల జాబితాతో సరిపోతుందో లేదో చూసుకుని ఆర్డరు పెట్టండి. బేస్ వెడల్పు అన్నిటికీ 40 మి.మీ., గుర్రాలకు లోతు 30, ఏనుగుకు 40. అవే 28 మి.మీ. బొమ్మలైతే వెడల్పు 60, గుర్రాలకు లోతు 40 పెట్టుకోండి.

కొత్తవాళ్లు మెరిసే కవచాలు చూసి వాటినే ఎక్కువ కొంటారు. అలా చేస్తే ఈ సేనకు ప్రాణమైన చలాకీతనం పోతుంది. తేలిక గుర్రాలు సగానికి తగ్గకూడదు. వాటికి 13వ శతాబ్దపు మంగోలు బొమ్మలు నిశ్చింతగా వాడుకోవచ్చు.

ప్రశ్న: చిన్న చిన్న రేకులు కుట్టిన కవచానికి రంగు వేస్తే ముద్దగా తయారవుతోంది. ఎందుకు? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

వెండి రంగును చిక్కగా, తడి కుంచెతో వేయడం వల్ల రేకుల మధ్య సందులు పూడిపోతున్నాయి. ఆ సందుల్లో చీకటి ఉంటేనే కవచం కవచంలా కనిపిస్తుంది.

ముందు నల్ల ప్రైమర్ వేయండి. దాని మీద ముదురు గోధుమ రంగు పలచగా ఒక పూత. పూర్తిగా ఆరాక, పాత వెడల్పు కుంచెకు ఉక్కు రంగు అద్ది, టిష్యూ మీద దాదాపు ఏమీ మిగలనంతగా తుడిచేయండి. ఆ కుంచెతో వరుసల అంచులకు అడ్డంగా, అంటే పై నుంచి కిందికి తేలిగ్గా రుద్దండి. వరుసల వెంబడి రుద్దితే రంగు సందుల్లోకి దిగుతుంది. తర్వాత గోధుమ వాష్ (సందుల్లోకి దిగే పలచని రంగు) వేసి, అది కింద మడుగు కట్టకముందే పొడి కుంచెతో పీల్చేయండి. 28 మి.మీ. బొమ్మలకైతే తోలు తాళ్లు కనిపించేలా ఎరుపు చుక్కలు పెట్టవచ్చు. 15 మి.మీ.లో అవి మచ్చల్లా కనిపిస్తాయి, వద్దు.

అందరికీ ఒకే ఉక్కు రంగు వేయకండి. ఇలాంటి కవచాలు లక్క పూసిన గట్టి తోలుతో కూడా చేసేవారు. ముగ్గురిలో ఒకరికి ఎరుపు లేదా నలుపు వేస్తే బేస్ కళకళలాడుతుంది.

ప్రశ్న: వానాకాలంలో వార్నిష్ స్ప్రే చేస్తే బొమ్మలన్నీ తెల్లగా మసకబారాయి. బాగుచేయవచ్చా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

చేయవచ్చు. గాలిలోని తేమ పూత ఆరేలోపు అందులో చిక్కుకుంది. ముందు ఒక బొమ్మ మీద మెరిసే వార్నిష్‌ను కుంచెతో పలచగా వేసి చూడండి. చాలావరకు మసక పోతుంది. ఒక రోజు ఆగి, నీటిలో కలిసే మ్యాట్ వార్నిష్‌ను కుంచెతోనే వేయండి. సీసాను బాగా కుదపాలి. మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుని ఉంటుంది. కుదపకుండా వాడితే ఒకచోట మెరుపు, ఒకచోట తెల్లటి పొర వస్తాయి. సముద్రతీర ఊళ్లలో వానాకాలమంతా స్ప్రే జోలికి పోకుండా, ప్రైమర్ కూడా కుంచెతో వేసుకోవడమే మేలు.

ప్రశ్న: 1/72 (అసలు కొలతలో 72వ వంతు) మెత్తని ప్లాస్టిక్ బొమ్మల మీద రంగు ఊడిపోతోంది. ఈటెలు కూడా వంకర. (ఒక పాఠకుడు, కాకినాడ)

అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోలేదు. గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే సబ్బు కలిపి, పాత పళ్ల బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి పలచగా ఒక పూత వేసి, ఆరాక ప్రైమర్ వేయండి. రంగు ఊడేది ఎక్కువగా ఈటెలు, విల్లు కొనలు, గుర్రం కాళ్ల దగ్గరే. అక్కడ రెండో పూత ఇవ్వండి.

వంకర ఈటెను వేడి నీళ్లలో ముంచి, మెత్తబడగానే నిటారుగా పట్టుకుని, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే అలాగే నిలుస్తుంది. రౌతును జీను మీద అతికించడానికి ఈ ప్లాస్టిక్‌కు సూపర్ గ్లూ ఒక్కటే చాలదు. రెండింటికీ సన్న రంధ్రం వేసి, గుండుసూది ముక్క దించి, అప్పుడు అతికించండి. జీను మీద అతుకు పడేచోట రంగు వేయకుండా వదిలేయండి. లేకపోతే జిగురు పట్టుకునేది రంగు పొరనే, ఆ పొరతోపాటు రౌతూ ఊడివస్తాడు.

ప్రశ్న: బేస్ మీద గుర్రపు విలుకాళ్లను ఎలా నిలపాలి?

కుడిచేత్తో నారి లాగే రౌతుకు ముందుకు, ఎడమకు, వెనక్కి గురి సులువు. కుడివైపు కష్టం. అందుకే గుర్రాన్ని కొద్దిగా కుడికి తిప్పి అతికిస్తే బాణం శత్రువు వైపే ఉంటుంది. ఇద్దరినీ పక్కపక్కన కాక, ఒకరిని కాస్త వెనక్కి ఏటవాలుగా పెట్టండి. విల్లు పెట్టుకునే సంచి ఎడమ నడుముకు, అమ్ములపొది కుడి నడుముకు. చేతులు విడిగా వచ్చే బొమ్మల్లో ఇవి తారుమారు కావడం మామూలే.

సేనాపతి పక్కన గుర్రపు తోక కట్టిన ధ్వజస్తంభం ఉండాలి. నల్ల దారాలు గుత్తిగా కట్టి, ఫెవికాల్ నీళ్లలో తడిపి కిందికి దువ్వితే సరి. గుడ్డ జెండా కూడా కావాలంటే తైమూరు చిహ్నం మూడు వలయాలు, త్రికోణంలో అమర్చినవి.

ప్రశ్న: నా గుర్రపు విలుకాళ్లు ప్రతి ఆటలోనూ ఓడిపోతున్నారు. (ఒక పాఠకురాలు, డాలస్)

బహుశా వాళ్లను బారుగా ఒకే వరుసలో నిలుపుతున్నారు. వెనక్కి తగ్గడానికి చోటు లేని తేలిక గుర్రం బరువైన దళానికి చిక్కినట్టే. వెనక కనీసం రెండు కదలికల ఖాళీ ఉంచండి. రెండు బేస్‌లను శత్రువు పక్కకు పంపి, మధ్యలోవి వెనక్కి తగ్గుతూ లాగాలి. కవచధారులను మొదటే దించకండి, శత్రువు వరుస చెదిరాకే వాళ్ల పని. బల్ల 60 సెం.మీ. చదరమైతే ఈ సేనకు ఇరుకు, 90 చేసి చూడండి.

నేల కూడా ముఖ్యమే. 1221లో నేటి అఫ్ఘానిస్తాన్‌లోని పర్వాన్ దగ్గర, మధ్య ఆసియా రాజ్యమైన ఖ్వారజ్మ్‌కు చెందిన జలాలుద్దీన్ తన మనుషులను గుర్రాలు దింపి, కాళ్ల మీద నిలబెట్టి మంగోలులను ఓడించాడు. ఇరుకైన రాతి నేలలో గుర్రాల వేగం అక్కరకు రాలేదు. ఆ యుద్ధంలోనే మంగోలు సేనాని సంఖ్య ఎక్కువగా కనిపించాలని ఖాళీ గుర్రాల మీద దిష్టిబొమ్మలు ఎక్కించాడు. మిగిలిపోయిన గుర్రాలుంటే అలాంటి బేస్ ఒకటి చేసి శిబిరంలో పెట్టుకోండి, చూడటానికి ఎంతో బాగుంటుంది.

ప్రశ్న: ఈ బొమ్మలతో కాకతీయులతో ఆడవచ్చా? (ఒక పాఠకుడు, వరంగల్)

తైమూరు పేరుతో కుదరదు, కాకతీయ రాజ్యం 1323లోనే పడిపోయింది. అయితే 1310లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లు మీదికి తెచ్చిన ఢిల్లీ సేనలో తురుష్క ఆశ్వికులున్నారు. వాళ్ల కోసం మీ కవచధారులు, తేలిక గుర్రాలు అలాగే పనికొస్తాయి. మూడు వలయాల జెండా మాత్రం తీసేయండి. ఏనుగు రెండు పక్షాలకూ సరిపోతుంది, ఆఫ్రికా ఏనుగు కాకుండా చిన్న చెవులు, ఉబ్బిన నుదురు ఉన్న మన ఏనుగు అయితే చాలు.