హోల్‌స్టర్‌కి లైనింగ్ ఉండాలా, వద్దా?

చిరంజీవి రవికి, బాబాయి ఆశీస్సులు.

రివాల్వర్ కొన్నావని, దాన్ని నడుముకి తగిలించుకునే తోలు ఒర, అదే హోల్‌స్టర్, లోపల లైనింగ్ ఉన్నది తీసుకోనా లేనిదా అని అడిగావు. నువ్వుండేది హ్యూస్టన్. ఆ ఉక్కకి నేనైతే లైనింగ్ లేనిదే కొంటాను.

షాపులో స్వెడ్, అంటే నూగు తేలిన తోలు, లైనింగ్ మీద వేలు పెడితే మెత్తగా తగులుతుంది, ఇందులో గన్‌కి గీత కూడా పడదనిపిస్తుంది. నీ గన్ ఉక్కు మీదున్న నల్లటి పొరని, దాన్నే బ్లూయింగ్ అంటారు, అరగదీసేది తోలు కాదురా, అందులో చేరిన దుమ్ము. స్వెడ్ నూగులో ఇసుక దూరితే ఓ పట్టాన రాదు. గన్ తీసినా పెట్టినా గీరుతూనే ఉంటుంది. చెమటనీ అలాగే పీల్చుకుంటుంది, ఇక తుప్పుకి అంతకంటే ఏం కావాలి? లైనింగ్ లేనిదాన్ని పొడిగుడ్డతో దులుపుకుంటే సరిపోతుంది. గొట్టం చివర, తూటాలు పెట్టే సిలిండర్ అంచుల్లో నలుపు కొంత పోతుంది. అది ఎందులో పెట్టినా పోయేదే, బెంగపడకు.

లైనింగ్ కావాల్సిందే అనుకుంటే నున్నటి తోలుది అడుగు. రెండు పల్చటి తోళ్లని గరుకు వైపులు కలిపి అంటించి కుడతారు, లోపలా బయటా నునుపే. బిగువుగా ఉంటుంది, ఆకారం చెడదు. మందమూ ధరా ఎక్కువే. కాకపోతే జిగురు వదిలితే లోపలి పొర ముడతపడుతుంది. ఆ ముడత ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో, అదే ట్రిగ్గర్ గార్డ్‌లో, దూరిందంటే, గన్ లోపలికి దించేటప్పుడు ట్రిగ్గర్ నొక్కుకుని పేలే ప్రమాదం ఉంది. అరిగి మెత్తబడిన ఏ తోలు హోల్‌స్టర్‌తోనైనా ఈ భయం తప్పదు. అప్పుడప్పుడు ఖాళీ హోల్‌స్టర్ మూతి దగ్గర వేలితో తడిమి చూడు. నిలబడకుండా ముడుచుకుపోతుంటే మొహమాటం లేకుండా పారేయ్.

మన పల్లెల్లో తంగేడు చెక్కతో తోలు పదును చేసేవాళ్లు కదా, అలా బెరడుతో పదునైన తోలుదే తీసుకో. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలులో మిగిలిపోయే లవణాలు ఇనుముకి మంచివి కావు.

కొత్తలో బిగుతుగా ఉందని నూనె మాత్రం రాయకు, తోలు మెత్తబడి పట్టు పోతుంది. తూటాలు తీసేసి, సిలిండర్ రెండుసార్లు చూసుకుని, గన్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒక రాత్రి హోల్‌స్టర్‌లో ఉంచు, తోలు అదే సర్దుకుంటుంది. ఆ ఒక్క రాత్రి తప్ప ఎప్పుడూ గన్ తోలులో పడుకోకూడదు. ఇంటికి రాగానే తీసి, తుడిచి, లాకర్‌లో పెట్టి తాళం వెయ్యి. చిన్నదానికి సొరుగులు లాగే వయసు వచ్చింది.

మీ బాబాయి