ఇథియోపియా తరఫున మాట్లాడబోయే మా అమ్మాయికి

తల్లీ,

విద్యార్థులు ఒక్కో దేశం తరఫున కూర్చుని వాదించే నమూనా ఐక్యరాజ్యసమితి సమావేశం జెనీవాలో జరుగుతోందని, దానికి మీ కళాశాల బృందంలో నువ్వూ వెళ్తున్నావని నాన్న ఫోను చేశాడు. ఆ సాయంత్రం కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మీకు ఇచ్చిన దేశం ఇథియోపియా, చర్చ నైలు నది నీళ్ళ మీద అన్నాడు. తుంగభద్ర ఒడ్డున, దిగువ ఊళ్ళో పుట్టినదానివి. పైన ఆనకట్ట కట్టినవాళ్ళ తరఫున ఎలా మాట్లాడతావోనని నా బెంగ.

ముందు ప్రయాణం సంగతులు. వీసాకు హైదరాబాదు వెళ్ళాలి, చివరి వారం దాకా ఆగకు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే పెట్టుకో. అమ్మ నెయ్యి సీసా, పాలకోవా సర్దుతుంది, తీయించెయ్. పాల పదార్థాలను అక్కడికి తీసుకురానివ్వరు. వేరుసెనగ పొడి చాలు. పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు. అందరివీ ఒకచోట దాస్తామని మీ బృందం పెద్దలు అడిగినా సరే, ఇవ్వకు.

నైలు ఉపనది బ్లూ నైలు మీద ఇథియోపియా 2011లో మొదలుపెట్టిన ఆనకట్టకు 2025 సెప్టెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. దిగువన ఉన్న ఈజిప్టు భయం ఏమిటో నీకు ఎవరూ నేర్పనక్కరలేదు. సుంకేశుల ఆనకట్ట దగ్గర నీళ్ళు లేక కేసీ (కర్నూలు-కడప) కాలువ బోసిపోయిన ఏళ్ళ గురించి ఇంట్లో వింటూనే పెరిగావు. 2009 అక్టోబరులో వరద కర్నూలును ముంచెత్తినప్పుడు నిన్ను ఒళ్ళో పెట్టుకుని మేడ మీద కూర్చున్నది నేనే. పైనుంచి నీళ్ళు రాకపోయినా భయమే, ఒక్కసారిగా వచ్చిపడినా భయమే.

కానీ అక్కడ నువ్వు ఎగువవాళ్ళ మనిషివి. 1959 ఒప్పందంలో ఈజిప్టు 5,550 కోట్ల ఘనపు మీటర్లు, సూడాన్ 1,850 కోట్ల ఘనపు మీటర్లు పంచుకున్నాయి. మన లెక్కలో సుమారు 1,960, 653 టీఎంసీలు. అందులో ఇథియోపియాకు వాటా లేదు, దాని సంతకమూ లేదు. నైలులో పారే నీళ్ళలో అత్యధిక భాగం ఆ దేశపు కొండల మీద కురిసిన వానే. అక్కడ కరెంటు లేని ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇవన్నీ మనసులోకి ఎక్కించుకుని మాట్లాడు. మొక్కుబడిగా చెబితే వినేవాళ్ళు ఇట్టే పసిగడతారు. 2015లో మూడు దేశాలూ ఖార్తూంలో సంతకం చేసిన సూత్రాల ప్రకటనను మాత్రం వాక్యం వదలకుండా చదువు. ప్రసంగం బట్టీ పడుతున్నావట. ఆ శ్రమ దీని మీద పెట్టు.

ఇక అసలు విషయం. నేను కాలువల మీద పనిచేసే రోజుల్లో ఎగువ, దిగువ అధికారులు ఒకసారి సమావేశమయ్యారు. మా బృందానికి పెద్దగా వచ్చినాయన లెక్కల్లో దిట్ట. ఏళ్ళ తరబడి ఇన్‌ఫ్లో పట్టికలు, గేజి రీడింగులు కట్టలు కట్టి మోసుకెళ్ళాం. ఉదయం ఆయన మాట్లాడుతుంటే గదిలో చప్పుడు లేదు. టీ విరామంలో మాత్రం మమ్మల్ని ఎవరితోనూ కలవనివ్వలేదు. వరండా చివర ఒక బల్ల చుట్టూ మమ్మల్నే కూర్చోబెట్టుకున్నాడు. అవతల ఎగువవాళ్ళు, మధ్యవాళ్ళు ఒకే కాగితం మీద వంగి పెన్సిలుతో రాసుకుంటున్నారు. మేం చూస్తూనే ఉన్నాం. లోపలికి వెళ్ళేసరికి ముసాయిదా సిద్ధం. మా కాలువకు నీళ్ళు వదిలే తేదీ పదిహేను రోజులు వాయిదా పడింది. ఆయన లేచి పట్టికలన్నీ మళ్ళీ చదివాడు. అప్పటికే మిగతావాళ్ళు మాట ఇచ్చేసుకున్నారు.

ఆ ఏడు చివరి ఆయకట్టులో నారు ముదిరిపోయింది. ఒక రైతు నారుకట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆకుల కొనలు పసుపెక్కాయి, వేళ్ళకు మట్టి ఇంకా తడిగానే ఉంది. ఏమీ అడగకుండా నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మీ సమావేశంలోనూ ప్రసంగాల నడుమ అన్‌మోడరేటెడ్ కాకస్ అని కుర్చీలు వదిలి తిరిగే సమయం ఇస్తారు కదా. తీర్మానం అక్కడే తయారవుతుంది. మన తెలుగు పిల్లలంతా ఒక మూల చేరి ఫొటోలు దిగుతూ ఆ సమయం పోగొట్టుకోకండి. నీకు కొత్తవాళ్ళంటే బిడియమని తెలుసు. చుట్టాలొస్తే తలుపు చాటుకు వెళ్ళే పిల్లవి. అయినా విరామం చెప్పగానే లేచి ఈజిప్టు ప్లకార్డు దగ్గరికి నడువు. కరువు ఏడు వస్తే ఏ నెలలో ఎన్ని నీళ్ళు కావాలి, గేట్లు ఎత్తే ముందు ఎన్ని రోజుల కబురు కావాలి అని అడిగి రాసుకో. ఎగువన కూర్చున్న మరో పిల్లకు ఈ ప్రశ్నలు తట్టకపోవచ్చు. నీకు తడతాయి. వాళ్ళ జవాబులతోనే మీ ముసాయిదా రాయండి, వాళ్ళ సంతకం కూడా దాని మీద పడుతుంది.

మీ దేశం వాదన చెప్పే పొజిషన్ పేపరు రాసుకుని వచ్చే ఆదివారం ఇంటికి రా. నేను ఈజిప్టు తరఫున కూర్చుంటాను, పెద్దమ్మ సూడాన్ తరఫున. భోజనాల దాకా వాదించుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న
కర్నూలు