బ్లర్ కొట్టక ముందే అసలు పని

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

జంట వెనకున్నదంతా ఫోటోషాప్‌లో మసక (బ్లర్) చేసి నువ్వు పంపిన చంద్రగిరి ఫోటో పెద్దది చేసి చూశాను. రాజమహల్ ముందు జంట బాగా నిలబడింది, వెలుతురు కూడా మెత్తగా పడింది. కానీ పెళ్లికూతురి ఎర్రచీర చుట్టూ ఎర్రటి పొగ పట్టినట్టు ఒక అంచు ఉంది చూశావా? పెళ్లికొడుకు పంచె చుట్టూ అయితే ట్యూబ్‌లైట్ వేసినట్టే ఉంది. గాషియన్ బ్లర్ (అంతటా ఒకేలా మసక చేసేది) రేడియస్, అంటే మసక మోతాదు తగ్గించి చూశానన్నావు, మనుషుల్ని మాత్రం చూపించి మిగతాది దాచే మాస్క్‌కి ఫెదర్, అంటే అంచు మెత్తదనం పెంచి చూశానన్నావు. రెండూ దీనికి మందు కావు.

బ్లర్ అంటే చుట్టుపక్కల పిక్సెళ్ల రంగులు కలిపి సగటు తీయడమే కదా. నువ్వు వెనక లేయర్‌ని (కింది పొరని) బ్లర్ చేసినప్పుడు ఆ లేయర్‌లో మనుషులు ఇంకా ఉన్నారు. చీర ఎరుపు, పంచె తెలుపు ఆ సగటులో కలిసి గోడ మీదికి పాకాయి. పైన ఎంత నున్నగా కటింగ్ చేసి పెట్టినా కింద పాకిన రంగు చుట్టూ తొంగిచూస్తూనే ఉంటుంది. అందుకని బ్లర్ కంటే ముందు వెనక లేయర్‌లోంచి మనుషుల్ని తీసెయ్యాలి. మిగతా తప్పులు ఎన్నున్నా ఇది సరిచేస్తే సగం ఫోటో బాగుపడుతుంది.

ఎట్లాగంటే, ఫోటోషాప్‌లో కంట్రోల్ జె రెండుసార్లు కొట్టు, ఫోటో మీద రెండు కాపీ లేయర్లు వస్తాయి. అడుగున అసలు ఫోటోని ముట్టుకోవద్దు. పై కాపీలో మనుషుల్ని సెలెక్ట్ చేసి మాస్క్ వెయ్యి. తర్వాత కంట్రోల్ పట్టుకుని ఆ మాస్క్ మీద క్లిక్ చేస్తే సెలెక్షన్ తిరిగొస్తుంది. దాన్ని సెలెక్ట్, మాడిఫై, ఎక్స్‌పాండ్‌లో 20 పిక్సెళ్లు పెంచు. నీ ఫోటో 6000 పిక్సెళ్ల వెడల్పు కాబట్టి 20 అంటున్నాను, చిన్న ఫోటోకి 6, 8 చాలు. పెంచకపోతే అంచున చీర రంగు సన్నగా మిగిలిపోయి ఆ చోటు నింపే రంగులోకి కూడా అదే వచ్చేస్తుంది. ఇప్పుడు మధ్య కాపీ మీదికి వెళ్లి షిఫ్ట్ ఎఫ్5 నొక్కి కంటెంట్ అవేర్ ఎంచుకో, మనుషులున్న చోటుని చుట్టుపక్కల బొమ్మ చూసి అదే నింపుతుంది. ఒక్కోసారి అక్కడ సగం కిటికీ, తెగిన చెట్టు, ఇంకెవరిదో చెయ్యి వస్తాయి. కంగారు పడొద్దు, ఎలాగూ మసకబారేదే. మనిషి అంచు పక్కనే ఉండే పట్టీలో మాత్రం గోడ ఉన్నచోట గోడ రంగు, గడ్డి ఉన్నచోట గడ్డి రంగు రావాలి. రాకపోతే ఒకచోటి రంగు తీసి ఇంకోచోట పూసే క్లోన్ స్టాంప్‌తో దిద్దు. ఆపైన కంట్రోల్ డి కొట్టి సెలెక్షన్ తీసెయ్యి. మరిచిపోతే బ్లర్ ఆ బొమ్మ ఆకారంలోనే పడుతుంది, ఎందుకు పనిచేయలేదో తెలియక తల గోక్కుంటావు.

ఫోటోషాప్ బదులు జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకూ దారి ఇదే. రీసింథసైజర్ అనే ప్లగిన్ వేసుకుంటే హీల్ సెలెక్షన్ అని వస్తుంది, అది ఈ పని చేస్తుంది.

కటింగ్ సంగతికొస్తే, మనుషుల్ని దానంతట అదే ఎంచే సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కగానే వచ్చిందాన్ని నమ్మొద్దు. గుండు చేయించుకున్న పిల్లోడి తల అయితే అది చక్కగా తీసిస్తుంది. మల్లెపూల జడ దగ్గర తడబడుతుంది, జుంకీల దగ్గర తప్పు చేస్తుంది. సెలెక్ట్ అండ్ మాస్క్‌లోకి వెళ్లి జుట్టు అంచు మీద మాత్రమే రిఫైన్ ఎడ్జ్ బ్రష్ తిప్పు. చీర అంచు మీద, భుజం మీద తిప్పితే అక్కడ కొరికినట్టు అవుతుంది. షిఫ్ట్ ఎడ్జ్ మైనస్ 10 నుంచి 20 మధ్య పెడితే పాత బ్యాక్‌గ్రౌండ్ గీత లోపలికి పోతుంది. బట్టకి ఫెదర్ 1 పిక్సెల్ దాటొద్దు. అంచున అంటిన పాత రంగు మార్చే డీకంటామినేట్ కలర్స్ ఆఖరి అస్త్రంగా ఉంచుకో, అది తెల్లపూలకి మురికి రంగు పూస్తుంది.

జుట్టులో ఎగిరే పోగులు ఉంటే పూర్తిగా ఉంచు, లేదా పూర్తిగా చెరిపెయ్యి. సగంలో తెగిన పోగు ఫోటోలో ముందు కంటబడేది.

సందులు మరిచిపోతావేమో. నడుముకీ చేతికీ మధ్య, జుంకీ రింగు లోపల, గాజులు జారిన చోట, జడకీ మెడకీ మధ్య వెనకటి గోడ కనిపిస్తుంది. అక్కడ గోడ స్పష్టంగా ఉండి చుట్టూ మసకగా ఉంటే చిన్నపిల్లోడు కూడా పట్టేస్తాడు. ఫోటోని 200 శాతానికి పెంచి తల నుంచి కాలి దాకా ఒకసారి నిదానంగా చూసుకుంటూ పో.

ఇక లోతు. నీ ఫోటోలో పాదాల పక్క గడ్డీ, దూరాన మహలూ ఒకే మోతాదులో మసకబారాయి. అందుకే జంట గాల్లో తేలుతున్నట్టుంది. కెమెరా అట్లా చూడదు, పాదాల వరసలో ఉన్న నేల మనుషులంత స్పష్టంగా ఉండి దూరం పోయే కొద్దీ మసకబారుతుంది. దీనికి గాషియన్ పనికిరాదు, దూరాన్ని బట్టి మసక మార్చగల లెన్స్ బ్లర్ కావాలి. ఛానల్స్‌లో కొత్త ఆల్ఫా ఛానల్ తెరువు, అది ఎక్కడ ఎంత మసకో చెప్పే నలుపు తెలుపు పటం: నలుపు ఉన్నచోట స్పష్టం, తెలుపు ఉన్నచోట బాగా మసక. పాదాల వరసలో నలుపు, అక్కడినుంచి మహల్ మొదలు దాకా మెల్లగా తెల్లబడే గ్రేడియంట్ లాగు. పాదాల ముందున్న నేలని కూడా కొంచెం బూడిద రంగు చెయ్యి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గ్రేడియంట్‌ని మహల్ మీదుగా పైకి లాగేస్తారు. అప్పుడు గోడ కింద తక్కువ మసక, శిఖరం ఎక్కువ మసకగా వచ్చి రాజమహల్ కాస్తా బొమ్మల కొలువులో పెట్టిన బొమ్మలా అయిపోతుంది. నిలువుగా నిలబడింది ఏదైనా మొదలు నుంచి చివర దాకా ఒకే దూరంలో ఉంటుంది. కాబట్టి దాని మొదలు దగ్గర ఏ బూడిద రంగు ఉందో అదే రంగు మొత్తానికి నింపు. గాలిగోపురమైనా, కొబ్బరిచెట్టైనా, కరెంటు స్తంభమైనా ఇంతే.

తర్వాత మధ్య లేయర్ మీద లెన్స్ బ్లర్ తెరిచి సోర్స్‌లో ఆ ఆల్ఫా ఛానల్ ఎంచుకో, ఫోకల్ డిస్టెన్స్ సున్నా, రేడియస్ 25 నుంచి 40. తలకిందులుగా వస్తే ఇన్వర్ట్ టిక్ పెట్టు. వాట్సాప్‌లో వచ్చిన 1600 పిక్సెళ్ల ఫోటోకి 40 పెడితే అంతా పిండి కలిపినట్టు అవుతుంది, దానికి 10 సరిపోతుంది. రాత్రి ఫోటోల్లో బ్రహ్మోత్సవాల సీరియల్ లైట్లు ఉంటే స్పెక్యులర్ హైలైట్స్‌లో థ్రెషోల్డ్ 255 నుంచి 240 దాకా దించు, బ్రైట్‌నెస్ కొద్దిగా పెంచు, లైట్లు గుండ్రంగా విచ్చుకుంటాయి. గాషియన్‌లో అవి నలిపిన కుంకుమలా ఉంటాయి.

పాదాల దగ్గర బ్లర్ లేదు కాబట్టి కంటెంట్ అవేర్ నింపిన నేల అక్కడ బయటపడుతుంది. పై లేయర్ మాస్క్ మీద మెత్తటి తెల్లబ్రష్‌తో కాస్త నేలనీ నీడనీ తిరిగి తెచ్చుకో.

బ్లర్ చేసిన చోట కెమెరా గ్రెయిన్ (ఫోటోలో ఉండే సన్నటి రవ్వలు) కూడా పోతుంది. మనుషుల మీద గ్రెయిన్ ఉండి వెనక ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటే అతికించినట్టు తెలిసిపోతుంది. మధ్య లేయర్‌కి యాడ్ నాయిస్ 1 లేదా 2 శాతం, గాషియన్, మోనోక్రోమాటిక్ టిక్ పెట్టి కొట్టు. ఆకాశంలో చారలు పడుతుంటే బ్లర్‌కి ముందే ఫైల్‌ని 16 బిట్‌కి మార్చు.

ఒక మాట, కోపం తెచ్చుకోకు. అలిపిరిలో గరుడ విగ్రహం ముందో, కపిలతీర్థం జలపాతం ముందో ఫోటో దిగేది ఆ చోటు కనబడాలనే. దాన్ని గుర్తుపట్టలేనంత మసక చేస్తే కళ్యాణమండపం గోడ ముందు తీసినా ఒకటే. ఈసారి తీసేటప్పుడే గోడకి పది, పదిహేను అడుగులు ముందు నిలబెట్టు, 50 ఎంఎం లెన్స్ ఎఫ్2 దగ్గర పెట్టు, వెనకది కెమెరాలోనే మసకబారుతుంది, సిస్టమ్ ముందు పని సగం తగ్గుతుంది.

దిద్దిన ఫైల్ లేయర్లు కలపకుండా పీఎస్‌డీగా (ఫోటోషాప్ సొంత ఫైల్‌గా) పంపు. జేపెగ్ పంపితే మాస్క్ ఎక్కడ తప్పిందో చూడలేను.

మామ